ఆకురాలు కాలం కార్డులు: రంగులన్నీ కలిసి బురదగా మారుతున్నాయి, ఎక్కడ తప్పుతోంది?

మేఘమాల

అందరికీ నమస్కారం. రబ్బరు స్టాంపులతో కార్డులు చేయడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. పూల కార్డులు, పుట్టినరోజు కార్డులు బాగానే కుదిరాయి. ఈసారి ఆకురాలు కాలం మీద 24 కార్డులు చేసి, చాలాకాలంగా నేను ఉత్తరం రాయని స్నేహితులందరికీ పంపాలని కూర్చున్నాను. మూడు రోజులైంది. ఇప్పటికి తొమ్మిది కార్డులు పక్కన పెట్టాల్సి వచ్చింది.

నేను చేసిన పద్ధతి ఇది. తెల్లని మందపాటి కాగితం మీద స్పాంజితో పసుపు, నారింజ, ఎరుపు, ఒక మూల ఆకుపచ్చ ఇంకు అద్దాను. దానిమీద మేపుల్ ఆకు, ఓక్ ఆకు, ఓక్ కాయ స్టాంపులను ముదురు ఎరుపుతో వేశాను. మొదట్లో కళకళలాడిన రంగులు పని ముగిసేసరికి గోధుమరంగు ముద్ద అవుతున్నాయి. ఆకు ఏదో, వెనక రంగు ఏదో తెలియడం లేదు.

ఇంకా రెండు చిక్కులున్నాయి. వేడిచేస్తే కరిగి ఉబ్బెత్తుగా మెరిసే బంగారు ఎంబోసింగ్ పొడి చల్లితే ఆకు మీదే కాక కార్డంతా చుక్కలు చుక్కలుగా అంటుకుంటోంది. కొత్తగా కొన్న పారదర్శక స్టాంపు మీద ఇంకు పరుచుకోకుండా బొట్లుగా విడిపోతోంది. దయచేసి దారి చూపండి.

తూలిక

రంగుల విషయంలో నా అనుమానమంతా ఆ మూలనున్న ఆకుపచ్చ మీదే. ఎరుపు, ఆకుపచ్చ రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి వెలిగిస్తాయి. ఒకదానిలో ఒకటి కలిస్తే రెండూ ఆరిపోతాయి. మీరు ఒకే స్పాంజితో అన్ని రంగులూ అద్ది ఉంటే, మూడో రంగుకు వచ్చేసరికే ఆ స్పాంజిలో బురద తయారై ఉంటుంది.

రంగుకో స్పాంజి పెట్టుకోండి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు వెళ్ళండి. స్పాంజిని నేరుగా కార్డు మీద పెట్టకుండా, కింద పరిచిన చిత్తుకాగితం మీద మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుతూ అంచు మీదుగా కార్డులోకి తీసుకురండి. అప్పుడు మచ్చ పడదు. ప్రతి పొరా ఆరాకే తరువాతది. ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య వేలెడు వెడల్పున పసుపును వదిలేయండి. అవి రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు.

గడ్డిపరక

తూలిక గారు చెప్పింది నిజం. నేను మరో వైపు నుంచి చెబుతాను. అసలు ఆకు రంగు ఎలా మారుతుందో తెలిస్తే, కార్డు మీద ఏ రంగు ముందో ఏది తరువాతో ఆకే చెబుతుంది.

ఆకుకు ఆకుపచ్చనిచ్చేది పత్రహరితం. పగటిపొద్దు తగ్గి చలి మొదలయ్యాక చెట్టు దాన్ని విడగొట్టుకుని, అందులోని పోషకాలను వెనక్కి తీసుకుంటుంది. అప్పుడు కనిపించే పసుపు, నారింజ కొత్తగా వచ్చినవి కావు. కెరోటినాయిడ్ల రూపంలో ఎండాకాలమంతా ఆకులోనే ఉంటాయి, ఆకుపచ్చ కింద దాగి. ఎరుపు సంగతి వేరు. ఆంథోసయనిన్ అనే ఆ రంగు చాలా చెట్లలో ఆకు చివరి రోజుల్లోనే, ఆకులో మిగిలిన చక్కెరల నుంచి తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా పండుతుంది. అందుకే ఒకే మేపుల్ చెట్టుకు ఎండ తగిలే కొమ్మలు ఎర్రగా, నీడన ఉన్నవి పసుపుగా ఉండడం చూస్తాం. గింకో చెట్టు మాత్రం ఎరుపు జోలికి పోదు, నిలువెల్లా పసుపే.

ఇక స్టాంపు దగ్గరకు వద్దాం. పసుపు అడుగున ఉన్న రంగు కాబట్టి స్టాంపు మొత్తానికీ ముందు పసుపు అద్దండి. ఎరుపు తరువాత వచ్చేది, కాబట్టి స్పాంజి కొసతో ఆకు అంచులకూ ఒక పక్కకూ మాత్రమే. ఆకుపచ్చ వెళ్ళిపోతున్న రంగు. చాలా ఆకుల్లో అది చివరిదాకా ఈనెల వెంట నిలుస్తుంది. నడిమి ఈనె మొదట్లో చిన్న అద్దు చాలు, తొడిమకు దగ్గరగా. ఇలా మూడు రంగులూ స్టాంపు మీదే అద్ది, నోటి ఆవిరి ఒకసారి ఊది తడిపి, ఒక్క ముద్ర వేయండి. వెనక కాగితాన్ని తెల్లగానే వదిలేయండి. నా లెక్కలో ఆకు వెనక ఏమీ లేకపోవడమే ఈ కాలానికి సరైన నేపథ్యం.

మేఘమాల

ఒకే స్పాంజి వాడాను. రెండు వైపులూ. ఇప్పుడు అర్థమైంది.

గడ్డిపరక గారూ, పసుపు ముందునుంచీ ఆకులోనే ఉంటుందన్న మాట చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఇన్నాళ్ళూ ఆకు మీదకు రంగులు వచ్చి చేరతాయనే అనుకున్నాను. ఒక సందేహం. నా దగ్గర ఉన్న ఇంకు ప్యాడ్లలో కొన్నిటికి పైకాగితం ఊడిపోయింది. ఏది డై ఇంకో, ఏది పిగ్మెంట్ ఇంకో తెలుసుకోవడం ఎలా?

పాతకాగితం

ప్యాడ్‌ను వేలితో తాకి చూడండి. తడి తేలిగ్గా, నీళ్ళలా అనిపిస్తే అది డై ఇంకు కావచ్చు. వెన్నలా చిక్కగా, వేలి మీద పూతలా నిలిస్తే పిగ్మెంట్. ఇంకా నమ్మకమైన పరీక్ష కావాలంటే ముదురు రంగు కాగితం మీద ముద్ర వేయండి. డై ఇంకు పారదర్శకం, కాగితంలోకి ఇంకిపోయి దాదాపు కనబడకుండా పోతుంది. పిగ్మెంట్ కాగితం పైన కూర్చుంటుంది కాబట్టి కనిపిస్తుంది. ఖాకీ రంగు క్రాఫ్ట్ కాగితం మీద పసుపు డై ఇంకు వేసి ఎందుకు మాయమైందా అని బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను. అక్కడ పిగ్మెంటే వేయాలి.

మీ రెండో చిక్కు కూడా దీనితోనే ముడిపడి ఉంది. ఎంబోసింగ్ పొడి తడి మీద అంటుకుంటుంది. డై ఇంకు చాలా త్వరగా ఆరిపోతుంది కాబట్టి దానిమీద పొడి సరిగ్గా నిలవదు. పిగ్మెంట్ ఇంకు గాని, రంగులేని జిగురు ఇంకు గాని వాడాలి. చుక్కలు పడడానికి కారణం మూడింట్లో ఏదో ఒకటి. కాగితంలో స్థిరవిద్యుత్తు ఉండవచ్చు, మీ వేళ్ళ జిడ్డు ఉండవచ్చు, లేదా ముందు వేసిన స్పాంజి పొర ఇంకా ఆరి ఉండకపోవచ్చు. మీరు చెప్పిన పద్ధతిని బట్టి చూస్తే మూడోదే అనిపిస్తోంది. స్పాంజి పని అయ్యాక కనీసం గంటసేపు వదిలేయండి. తరువాత టాల్కమ్ పొడి కట్టిన చిన్న గుడ్డమూటతో కాగితాన్ని ఒకసారి తట్టి, అప్పుడు ముద్ర వేయండి. పొడి చల్లి, కాగితాన్ని వంచి దులిపి, వెనక వైపు వేలితో ఒక్కసారి గట్టిగా కొట్టండి. ఇంకా మిగిలిన ఒకటి రెండు రేణువులను ఆరిన సన్నని కుంచెతో తీసేయండి. కరిగాక ఇక రావు.

పొడిని కరిగించే వేడిగాలి యంత్రం, అంటే హీట్ గన్‌ను ముందే వేడెక్కనిచ్చి అప్పుడు కాగితం దగ్గరకు తీసుకురండి. చల్లగా ఉన్నప్పుడే దగ్గర పెడితే గాలికి పొడి ఎగిరిపోతుంది. గరుకుగా ఉన్న పొడి ఉన్నట్టుండి కరిగి మెరుస్తుంది. ఆ మెరుపు కనిపించగానే పక్కకు జరగాలి. అక్కడే నిలిపితే పొడి కాగితంలోకి దిగిపోయి నూనె మరకలా చప్పగా అయిపోతుంది.

కొత్తచిగురు

పారదర్శక స్టాంపు సంగతి నేను చెబుతాను, నాకూ అదే జరిగింది. తయారీలో మిగిలిన పలుచని పొర ఒకటి కొత్త స్టాంపుల మీద ఉంటుంది, దానివల్లే ఇంకు బొట్లు కడుతుంది. పెన్సిలు గీతలు చెరిపే మామూలు తెల్ల రబ్బరుతో స్టాంపు ముఖం మీద మెల్లగా రుద్ది, తడిగుడ్డతో తుడవండి. తరువాత రెండు మూడు ముద్రలు చిత్తుకాగితం మీద వేస్తే దారికి వస్తుంది. స్టాంపును అంటించి పట్టుకునే యాక్రిలిక్ దిమ్మె కూడా శుభ్రంగా ఉండాలి. ముద్ర వేసేటప్పుడు కింద మెత్తటి కాగితాల అట్ట ఒకటి పెట్టుకోండి, రబ్బరు స్టాంపులకు వెనక నురుగు పొర ఉన్నట్టు వీటికి ఉండదు.

ఎండలో మాత్రం పెట్టవద్దు. అవి ఎండకు పసుపెక్కి గట్టిపడతాయి.

ఉలిమొన

ఆలస్యంగా వచ్చాను, అయినా ఒక మాట. స్టాంపు కొనక్కరలేదు, ఆకునే స్టాంపు చేయండి.

రాలిన ఆకును, మరీ ఎండి పొడి అయిపోకముందే, కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఒక రాత్రి ఉంచండి. ఈనెలు ఉబ్బి ఉండేది ఆకు వెనక వైపు. ఆ వైపు పిగ్మెంట్ ఇంకు ప్యాడ్‌తో తేలిగ్గా తట్టి, కార్డు మీద పెట్టి, పైన పలుచని కాగితం వేసి వేలి కొసలతో నడిమి ఈనె నుంచి అంచులకు నొక్కుకుంటూ రండి. కదిలించకుండా తొడిమ పట్టుకుని ఎత్తండి. మొదటి ముద్ర సాధారణంగా ఇంకు ఎక్కువై అలుక్కుపోయినట్టు ఉంటుంది. రెండోది, మూడోది చూడండి. ఏ కంపెనీ స్టాంపులోనూ అంత సన్నని అల్లిక దొరకదు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాగితపు నోట్ల మీద నిజమైన ఆకుల నుంచి తీసిన అచ్చులు వేసింది అందుకే. ఏ రెండు ఆకుల ఈనెలూ ఒకేలా ఉండవు, చేత్తో చెక్కి నకలు తీయడం మహాకష్టం.

రబ్బరు స్టాంపు వయసు దీని ముందు తక్కువే. గంధకంతో వేడిచేసి రబ్బరును గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ పొందాడు. ఆ తరువాతే రబ్బరు అచ్చులకు దారి పడింది. ఆకు అచ్చు అంతకుముందు ఎన్నో వందల ఏళ్ళుగా ఉంది.

రేయిపాట

నేను గోధుమరంగు తరఫున మాట్లాడాలి. పై సలహాలన్నీ చదువుతుంటే అదేదో తప్పిదం అన్నట్టు ఉంది. ఓక్ ఆకు చివరికి గోధుమరంగులోకే మారుతుంది. పత్రహరితం, పసుపు రెండూ పోయాక మిగిలే టానిన్ల రంగు అది. ఆకురాలు కాలంలో నేల నిండా ఉండేది మేపుల్ ఎరుపు కాదు, ఆ గోధుమరంగే. అది లేని కార్డు నాకు బొమ్మల క్యాలెండర్‌లా అనిపిస్తుంది.

తేడా ఒక్కటే. కలిసిపోవడం వల్ల వచ్చిన గోధుమరంగు మురికిగా ఉంటుంది, మనం ఎంచుకున్న గోధుమరంగు వెచ్చగా ఉంటుంది. విడిగా ఒక గోధుమ ప్యాడ్ పెట్టుకుని ఓక్ ఆకులకు వాడండి. నేను మొత్తం కార్డు ఆ ఒక్క రంగుతోనే చేస్తాను. ఒకసారి ఇంకు అద్ది మూడు ముద్రలు వేస్తాను, మధ్యలో మళ్ళీ ఇంకు ముట్టకుండా. మొదటిది ముదురుగా కార్డు కింది భాగంలో, రెండోది కొంచెం లేతగా దానిపైన, మూడోది ఉందా లేదా అన్నట్టు పై అంచున. అప్పుడు కార్డులోకి లోతు వస్తుంది. దగ్గరవి నేల మీద పడ్డట్టు, దూరానివి ఇంకా గాలిలో ఉన్నట్టు కనిపిస్తాయి.

తూలిక

రేయిపాట గారితో ఏకీభవిస్తున్నాను. నా మాట గోధుమరంగు మీద కాదు, అనుకోకుండా వచ్చిన గోధుమరంగు మీదే.

ఆకులు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు చూపాలంటే ఒక చిన్న మెలకువ ఉంది. పైన ఉండాల్సిన ఆకును ముందు వేయండి. అదే ముద్రను అంటించి తీయగల చీటీ కాగితం మీద కూడా వేసి, గీతకు కొంచెం లోపలగా కత్తిరించి, కార్డు మీది ఆకును దానితో కప్పండి. ఇప్పుడు రెండో ఆకును సగం ఆ చీటీ మీదకు వచ్చేలా వేయండి. చీటీ తీస్తే రెండోది మొదటిదాని వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. లోపలగా కత్తిరించకపోతే రెండింటి మధ్య తెల్లని సందు మిగులుతుంది, జాగ్రత్త.

మేఘమాల

ఇక్కడ నుంచి ఒక్కొక్కటే చేసి చూస్తున్నాను. కొత్త పారదర్శక స్టాంపు దారికి వచ్చింది, రబ్బరు చిట్కా పనిచేసింది.

ఇప్పుడు మాటల సంగతి. నా దగ్గర తెలుగు అక్షరాల స్టాంపులు లేవు. "శరత్తు పలకరింపులు" అని లోపల చేత్తో రాయనా, పైన కూడా ఏమైనా ఉండాలా?

గడ్డిపరక

శరత్తా? తెలుగులో శరత్తు అంటే తెల్లమబ్బులు, వెన్నెల, రెల్లు పూలు గుర్తుకొస్తాయి. ఆకులు రాలేది శిశిరంలో, ఆపై వసంతం వచ్చి చిగురుస్తుంది. మేపుల్ ఆకు బొమ్మ మీద శరత్తు అని రాస్తే చదివేవాళ్ళ మనసు ఒక క్షణం తడబడుతుంది.

పాతకాగితం

శిశిరం అన్నా తడబాటే, మరో విధంగా. శిశిరం చలికాలపు చివరి రెండు నెలలు. మేపుల్ ఎర్రబడేది చలి మొదట్లో. మన ఆరు ఋతువుల లెక్కా, నాలుగు కాలాల లెక్కా ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. అందుకే "ఆకురాలు కాలం" అన్న మాటే నాకు ఇష్టం. కనిపించేది చెబుతుంది, ఏ లెక్కతోనూ పేచీ లేదు.

రేయిపాట

"రాలిన ఆకంత తేలికగా ఒక పలకరింపు". ఋతువు పేరే వద్దు.

మేఘమాల

రేయిపాట గారూ, ఇది నేను వాడుకోవచ్చా? ఈ వాక్యమే కావాలి నాకు.

రేయిపాట

మీ కోసమే రాశాను. వాడుకోండి.

ఉలిమొన

అయితే ఆ వాక్యం లోపల చేత్తో రాయండి, రబ్బరు మీద ఒక్క మాట చెక్కి కార్డు పైన అచ్చువేయండి. "పలకరింపు" చాలు. తెలుగు అక్షరాలు చెక్కడం ఇంగ్లీషు కన్నా కష్టమనుకుంటారు. కష్టమంతా అక్షరం లోపలి ఖాళీల దగ్గర ఉంటుంది. మన అక్షరాలన్నీ వంపులు, సున్నాలు. అక్షరాన్ని ఎత్తుగా ఉంచి చుట్టూ తీసేయాలంటే ప్రతి సున్నా లోపలా గుంత చేయాలి, అది చిన్నదైతే చిట్లిపోతుంది.

నేను తిరగేసి చేస్తాను. మెత్తని వినైల్ రబ్బరు దిమ్మె మీద ముందు ఆకు ఆకారం. ఆ ఆకు లోపల అక్షరాల గీతలనే సన్నని ఉలితో తవ్వేస్తాను. అప్పుడు ఆకు రంగులో పడుతుంది, అక్షరాలు కాగితం తెలుపులో మిగులుతాయి. తెలుగు అక్షరం వంపు ఉలికి అనుకూలం. ఉలిని కదపకుండా పట్టుకుని దిమ్మెను తిప్పాలి, అంతే. అప్పుడు "ల" ఒక్క లాగులో వచ్చేస్తుంది.

అద్దంలోలా తిరగబడాలి కదా అన్న బెంగ వద్దు. ట్రేసింగ్ కాగితం మీద మెత్తని పెన్సిలుతో మామూలుగా రాయండి. దాన్ని బోర్లించి దిమ్మె మీద పెట్టి గోటితో రుద్దండి. పెన్సిలు గీత తిరగబడి రబ్బరు మీదకు దిగుతుంది. ఆకు అంచు కోసేటప్పుడు ఉలిని ఆకారం నుంచి బయటికి వాలుగా పట్టండి. లోపలికి వాలితే అంచు కింద ఖాళీ ఏర్పడి, పది ముద్రలకే చిరుగుతుంది. చేతిని ఎప్పుడూ ఉలి వెళ్ళే దారికి వెనకే ఉంచుకోండి.

కొత్తచిగురు

కార్డు మడత దగ్గర కాగితం పగులుతోందని ఎవరూ అడగలేదు, అయినా 24 కార్డులు కాబట్టి చెబుతున్నాను. ఎ4 కాగితం 210 × 297 మి.మీ. దాన్ని సగానికి కోసి, మళ్ళీ మడిస్తే ఎ6 కార్డు, సి6 కవరులో సరిగ్గా పడుతుంది. మందం చదరపు మీటరుకు 250 నుంచి 300 గ్రాములుంటే నిలబడుతుంది. అంత మందం కాగితాన్ని నేరుగా మడవకూడదు. ముందు కొలబద్ద ఆనించి మొద్దు మొనతో గాడి గీయాలి. కాగితపు నారలు ఏ దిశలో ఉన్నాయో కూడా చూడండి. రెండు వైపులా మెల్లగా వంచితే ఒక వైపు సులువుగా వంగుతుంది. మడత ఆ దిశలోనే రావాలి.

మేఘమాల

పది రోజుల తరువాత వచ్చాను. పద్దెనిమిది కార్డులు పూర్తయ్యాయి.

ఎనిమిది గడ్డిపరక గారి పద్ధతిలో చేశాను. తెల్ల కాగితం మీద ఒక్క మేపుల్ ఆకు, పసుపు అడుగున, ఎరుపు ఒక పక్క, తొడిమ దగ్గర పిసరంత ఆకుపచ్చ. మూడోదానికి చేయి కుదిరింది. ఊపిరి ఊది నొక్కి ఎత్తినప్పుడు ఆ మూడు రంగుల మధ్య గీత లేకపోవడం చూసి అలాగే చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళాను. ఆరు రేయిపాట గారి గోధుమరంగు ఓక్ ఆకులు. వీటిలో మూడో ముద్రే అన్నిటికన్నా నచ్చింది. నాలుగు నిజమైన ఆకు అచ్చులు, బంగారు పొడితో. గంట ఆరనిచ్చి, టాల్కమ్ మూటతో తట్టాను. ఒక్క చుక్క కూడా పక్కకు పడలేదు.

"పలకరింపు" రెండుసార్లు చెక్కాను. మొదటిసారి "క" వంపు దగ్గర ఉలి జారి అక్షరం తెగింది. రెండోసారి దిమ్మెను తిప్పుతూ చేశాను, వచ్చింది.

పక్కన పెట్టిన ఆ తొమ్మిది కార్డులను ఏం చేయాలో తోచడం లేదు. పారేయబుద్ధి కావడం లేదు.

తూలిక

వాటిలోంచి ఆకులు కత్తిరించండి. ఆ గోధుమరంగు ముద్దలో అక్కడక్కడా ఎరుపు, పసుపు జాడ ఉంటుంది కదా, అచ్చం ఎండుటాకు రంగు. ఆకు ఆకారంలో కత్తిరించి, మెత్తని అట్ట మీద బోర్లించి, మొద్దు మొనతో వెనక నుంచి ఈనెలు గీయండి. తిప్పి చూస్తే ఈనెలు ఉబ్బి, ఆకు తనంతట తానే వంపు తిరిగి ఉంటుంది. నడిమి ఈనె వెంట మాత్రమే జిగురు రాసి కార్డు మీద అంటిస్తే అంచులు పైకి లేచి ఉంటాయి. మిగిలిన ఆరు కార్డులకూ సరిపోతాయి. కవరులో పెట్టేముందు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూసుకోండి, ఒక ఆకు మీద ఇంకో ఆకు పెట్టవద్దు.

మేఘమాల

ఇప్పుడే ఒకటి కత్తిరించి ఈనెలు గీశాను. మొదటి రోజు నన్ను ఏడిపించిన కార్డు అది. నిజంగా ఎండుటాకులా ఉంది, అంచు దగ్గర ఆ ఆకుపచ్చ మరక కూడా ఉంది. ఈ రాత్రికి ఆరూ అయిపోతాయి.

రేయిపాట గారూ, మీ చిరునామా అడగడం ఈ వేదికలో కుదరదని తెలుసు. అందుకే మీ వాక్యం రాసిన మొదటి కార్డును ఎవరికీ పంపకుండా నా బల్ల మీదే ఉంచుకుంటున్నాను.